తాతయ్య చదివి వినిపించిన కాగితం

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లు నిండిన ఏడాది, మా నాన్న తాండూరు దగ్గరి గనిలో నాపరాతి బండ విరిగి తన మీద పడి చనిపోయాడు. నేను ఏడవలేదు. అది ధైర్యం కాదు. లోపల ఏమీ లేదు, అంతే. అమ్మ అన్నం పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. వచ్చిన చుట్టాలు నన్ను చూసి చెవులు కొరుక్కున్నారు.

మాదీ అమ్మ పుట్టిల్లూ ఒకే ఊరు. అమ్మ తండ్రి, మా తాతయ్య, వికారాబాద్‌లో చాలా ఏళ్లు ఉర్దూ బడిపంతులుగా చేసి, ఊరికి వచ్చాక సర్పంచి అయ్యాడు. ఆ రోజుల్లో ఆయన నన్ను ఓదార్చలేదు. సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, ఏదో పాత ఉర్దూ పుస్తకంలో చదివిన ఒక స్పెయిన్ దేశపు పండితుడి జీవితం రోజుకు కొంచెం చెప్పేవాడు. వందేళ్ల కిందటి మనిషి. ఎవరూ పట్టించుకోని అరబ్బీ పుస్తకాలు వెతికి చదివాడట. పిల్లలకు పాఠాలు చెప్పాడట. జనం మెచ్చి మంత్రిని చేశారట. ఒకనాడు తాను నమ్మని మాట రాసిన కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారట. ఒక సాయంత్రం అక్కడిదాకా చెప్పి తాతయ్య ఆగిపోయాడు. ఏం చేశాడని నేను అడగలేదు. అడగాలనిపించలేదు.

మర్నాడు పొద్దున గని యజమాని మా అరుగు మీదికి పంచనామా కాగితం తెచ్చాడు. ప్రమాదం ఎలా జరిగిందో రాసి, ఊరివాళ్లు సాక్ష్యం పెట్టే కాగితం అది. అప్పట్లో మా దగ్గర ముందు తెల్లకాగితం మీద వేలిముద్రలు తీసుకుని, రాయాల్సింది తర్వాత తీరిగ్గా రాసేవాళ్లు. ఎవరికీ అది తప్పనిపించేది కాదు. నలుగురు కూలీల వేలిముద్రల పైన రాత కూడా అప్పటికే పడి ఉంది.

"సారూ, మీ దస్కతొక్కటే ఉన్నది ఇగ. మీ కొడుకు గూడ మా తాననే పని జేస్తున్నడు గద," అన్నాడు యజమాని, మెల్లగానే.

తాతయ్య కాగితం తీసుకుని, ఆ నలుగురినీ పిలిపించాడు. అప్పటి సర్కారు కాగితాల్లాగే ఉర్దూలో ఉన్నదాన్ని తెలుగులో, బడిలో పాఠం చదివినట్టు, పైకి చదివాడు. మా నాన్న తాగి వచ్చాడని, మేస్త్రీ వద్దన్నా వినక బండ కిందికి వెళ్లాడని అందులో ఉంది. నేను అమ్మ పక్కన కూర్చుని విన్నాను. అమ్మ చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది.

"మాకేం ఎరుక సారూ. ఏలు పెట్టుమన్నరు, పెట్టినం," అన్నాడు ఒకాయన. తర్వాత తల వంచుకునే, "ఆయన కల్లు గూడ ముట్టలే," అన్నాడు.

తాతయ్య కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కాగితం తిరిగి ఇచ్చేశాడు.

దానివల్ల ఏమీ మారలేదు. పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన ఆ సంతకం పెట్టాడు. ఆ వారంలోనే తాతయ్య కొడుకును, మా మామయ్యను, గని పనిలోంచి తీసేశారు. నిజమైన మాట నిలబెట్టలేని సర్పంచిగిరీ నాకెందుకని తాతయ్య రాజీనామా రాసి పంపాడు. ఆ సాయంత్రం, చాలా రోజుల తర్వాత, నేను నోరు విప్పాను.

"తాతా, గా పండితుడు ఏం జేసిండు?"

"కలం కింద పెట్టిండు. కొలువు ఇడిసిపెట్టిండు. తెల్లారి మల్ల బడికి పోయి పాఠం చెప్పిండు."

"మరి గా కాగితం?"

"అది గట్లనే ఉన్నది బిడ్డా," అన్నాడు తాతయ్య. "పొద్దుగాల నువ్వు గూడ బడికి పోవాలె," అన్నాడు.

వెళ్లాను. అప్పుడు కూడా ఏడవలేదు. నలుగురు మనుషుల ముందు ఆ అబద్ధాన్ని ఒక్కసారి పైకి చదివినందుకు మా నాన్న బతికిరాడు. కానీ ఆయన తాగలేదన్న మాట ఒక మనిషి నోట నేను విన్నాను. ఆ మాట లేకపోతే ఈ బతుకు ఎలా మోసేదాన్నో నాకు తెలియదు.

ఇప్పుడు బ్యాంకులో గానీ ఆఫీసులో గానీ ఎవరు కాగితం ఇచ్చినా నేను మొదటి అక్షరం నుంచి పైకి చదువుతాను. వెనక వరుసలో వాళ్లు విసుక్కుంటారు. మా కోడలు సిగ్గుపడుతుంది. ఆ కాగితాల్లో మా నాన్న పేరు ఉండదని నాకు తెలుసు. అయినా చివరిదాకా చదివాకే కలం మూత తీస్తాను.