నిలువు లైనులో నిలిచిన నీళ్లు

కోవిడ్ ఆంక్షలన్నీ ఎత్తేసిన మరుసటి వేసవిలో నేను వర్తూరు దగ్గర ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో మెయింటెనెన్స్ మేనేజరుగా చేరాను. సివిల్ డిప్లొమా చదివి చిత్తూరు జిల్లా నుంచి బెంగళూరు వచ్చి, కాంట్రాక్టర్ల దగ్గర సైట్ ఇంజనీరుగా చాలా ఏళ్లు తిరిగాక దొరికిన ఉద్యోగం అది. పేరుకు మేనేజరునే. పైన నివాసుల కమిటీ, కింద ఒక ప్లంబరు, ఒక ఎలక్ట్రీషియను, కొందరు గార్డులు. మేం చూసే పనిలో సగానికి సగం నీళ్ల పనే.

ఆ కట్టడంలో నీళ్లు ఎలా నడిచేవో ముందు చెప్పాలి. బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు నేలకింది సంపులో పడతాయి. అక్కడినుంచి మోటారు వాటిని డాబా మీది ట్యాంకుకు ఎక్కిస్తుంది. ఒకదాని మీద ఒకటి ఉన్న ఫ్లాట్లన్నిటికీ కలిపి డాబా మీదినుంచి ఒక పైపు దిగుతుంది. దాన్ని మేం నిలువు లైను అనేవాళ్లం. నీళ్లు ఆపడానికి మూడుచోట్ల వాల్వులుంటాయి. ఒకటి బాత్రూం గోడలో, ఒకటి ఫ్లాటు పక్కన పైపులు దిగే సందులో, చివరిది డాబా మీద. ఎక్కడైనా పైపు పగిలితే దగ్గరి వాల్వుతో మొదలుపెట్టి వెనక్కి పోవాలి. డాబా వాల్వు కట్టేస్తే ఆ లైనులో తొమ్మిది అంతస్తులూ ఎండిపోతాయి కాబట్టి, దానికి కమిటీ అనుమతి తీసుకుని ఒకరోజు ముందు నోటీసు పెట్టాలన్నది నిబంధన.

నేను చేరిన కొత్తలో ఒక ఆదివారం ఉదయం ఆఫీసులో ఉండగా నాలుగో అంతస్తు నుంచి నాగరత్నమ్మగారు ఫోన్ చేశారు. డెబ్బై దాటిన మనిషి. వాళ్లది కాటన్‌పేటలో తరాలుగా బట్టల వ్యాపారం చేసిన కుటుంబం. భర్త శెట్టిగారు ఊపిరితిత్తులు దెబ్బతిని మంచంపట్టారు. పగలూ రాత్రీ ఆక్సిజన్ మిషను మీదే ఉండేవారు. పిల్లలు నగరంలోనే వేరే చోట కాపురం. ఇంట్లో ఆ పూట ఉన్నది వాళ్లిద్దరే.

"సుగుణమ్మా, గీజరు కింద కొళాయి గోడలోనుంచి ఊడొచ్చేసె. నీళ్లు దుముకుతా ఉండాయి. గోడలో వాల్వు తిప్పితే తిరగలేదు. నీళ్లు రూములోకి వస్తా ఉండాయమ్మా, మా యజమానుల మిషను కిందనే ఉండాది."

ఆమె చెప్పింది నాకు వెంటనే అర్థమైంది. గీజరుకు నీళ్లిచ్చే చిన్న కొళాయి మెడ తుప్పుపట్టి గోడలోపలే విరిగింది. ఉప్పునీళ్ల వల్ల బాత్రూం వాల్వు బిగుసుకుపోయింది. పడకగదిలో మిషను, దాని వైరు పెట్టిన పొడిగింపు ప్లగ్గుబాక్సు, రెండూ నేలమీదే ఉన్నాయి.

ఇలాంటప్పుడు మొదటి నియమం కరెంటు తీసేయడం. కానీ ఆ ఇంట్లో కరెంటు తీస్తే మిషను ఆగిపోతుంది. అందుకని వరుస మార్చాను.

"అమ్మా, స్టాండుబై ఆక్సిజన్ సిలిండరు ఉందా?"

"ఉండాది. మంచం తలాపున."

"నీళ్లు మంచం దాకా వచ్చాయా?"

"ఇంకా లేదు. గడప దాటినాయి."

"అయితే ముందు గొట్టం సిలిండరుకు మార్చండి. మిషను, ప్లగ్గుబాక్సు ముట్టుకోవద్దు. అయ్యగారికి గాలి అందుతోందని చూసుకున్నాకే వాకిలి దగ్గర మెయిన్ స్విచ్చు దించండి. తడి నేల తొక్కకుండా వెళ్లండి. ఫోన్ పెట్టేయకండి."

ఆమె కంగారు పడలేదు. గొట్టం మార్చిన చప్పుడు, శెట్టిగారు దగ్గిన చప్పుడు, కాసేపటికి స్విచ్చు టక్కుమన్న చప్పుడు వినిపించాయి. "మెయిను దించినాను" అన్నారు. సగం గండం గడిచింది.

మా ప్లంబరు మునిరాజు చందాపురలో బంధువుల ఇంటికి వెళ్లాడు. ఫోన్ చేస్తే వెంటనే బండి తీస్తానన్నాడు గాని, దారంతా ట్రాఫిక్ అని అప్పుడే చెప్పేశాడు. అతను వచ్చేలోగా జరగాల్సింది మేమే చేసుకోవాలి. లిఫ్టును పై అంతస్తుకు పంపి ఆపేయమని గార్డు బసవరాజుకు చెప్పాను. నీళ్లు లిఫ్టు గోతిలో పడితే ఇంకో ప్రమాదం. తర్వాత మెట్లమీదుగా డాబాకు వెళ్లి నా ఫోన్ కోసం కాచుకోమన్నాను. నేను రెంచి పట్టుకుని నాలుగో అంతస్తుకు మెట్లెక్కాను.

వెళ్తూనే పైపుల సందు తలుపు తీసి ఫ్లాటు వాల్వు తిప్పాను. పిడి గిర్రున తిరిగింది. లోపల కాడ విరిగిపోయింది. ఎంత తిప్పినా లాభం లేదు. ఇక మిగిలింది డాబా వాల్వు. అనుమతి, నోటీసు అనుకుంటూ కూర్చునే సమయం కాదు. బసవరాజుకు ఆ లైను నంబరు చెప్పి కట్టేయమన్నాను. చేరిన వారంలోనే డాబా మీద ప్రతి వాల్వుకూ దాని లైను నంబరు పెయింటుతో రాయించి ఉన్నాను కాబట్టి అతనికి వెతుకులాట తప్పింది.

లోపల నాగరత్నమ్మగారు ఊరికే నిలబడలేదు. బాత్రూంలో నీళ్లు పోయే తూము మీది జాలీ ఎత్తేసి, అందులో అడ్డుపడ్డ వెంట్రుకలు లాగేశారు. దుప్పట్లు చుట్టచుట్టి పడకగది గడపకు కట్ట వేశారు. చపాతీ కర్ర కొనకు పాత నూలుచీర పేలిక బిగించి చుట్టి, గోడలోని బెజ్జంలోకి దూర్చి రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు. ధార తగ్గి చుట్టూ చిమ్ముతోంది. తల నుంచి కాళ్లదాకా తడిసిపోయారు. నేను పట్టుకుంటాను, జరగండి అంటే, "నాకు పట్టు కుదిరిండాది, నువ్వు చూడాల్సింది చూడమ్మా" అన్నారు.

నేను శెట్టిగారి దగ్గరికి వెళ్లాను. ఊపిరి బాగానే ఆడుతోంది. తర్వాత సిలిండరు మీటరు చూశాను. ముల్లు ఎర్ర గీతకు దగ్గరలో ఉంది, అంటే ఆక్సిజన్ అయిపోవచ్చింది. కొత్త సిలిండరు తెమ్మని వాళ్లబ్బాయికి ఫోన్ చేశాను. అతనూ ట్రాఫిక్ దాటుకుని రావాలి. అంటే నీళ్లు ఆగాలి, నేల ఆరాలి, కరెంటు రావాలి. అదీ ఈ ముల్లు ఎర్ర గీత దాటేలోపే.

బసవరాజు ఫోన్ చేసి వాల్వు పూర్తిగా కట్టేశానన్నాడు. బాత్రూంలోకి పరుగెత్తాను. నీళ్లు ఆగలేదు. కాసేపు ఆగి, గుడగుడమని మళ్లీ ఎగజిమ్ముతున్నాయి.

"వాల్వు కట్టలేదా ఏందమ్మా?" అన్నారు నాగరత్నమ్మగారు.

వేరే వాల్వు కట్టాడేమోనని నాకూ అనుమానం వచ్చింది. నంబరు మళ్లీ చదివించాను. సరిగానే ఉంది. అప్పుడు తట్టింది. పైన కట్టేసినా, మా తల మీద ఐదు అంతస్తుల పైపు నిండా నీళ్లు నిలిచే ఉన్నాయి. వాటికి బయటికి పోయే దారి ఈ బెజ్జం ఒక్కటే. పైనుంచి గాలి చొరబడే సందు లేక అవి ఆగి ఆగి కక్కుతున్నాయి. వాటికి వేరే దారి చూపించాలి.

నివాసుల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. ఆ లైనులో నాలుగో అంతస్తుకు కింద ఉన్నవాళ్లంతా అన్ని కొళాయిలూ తెరవండి, నీళ్లు కిందికి లాగాలి. పైన ఉన్నవాళ్లూ తెరవండి, పైపులోకి గాలి పోవాలి. నాలుగో అంతస్తులో ఆక్సిజన్ మీద మనిషి ఉన్నారు, కారణం అదే.

రెండో అంతస్తు నుంచి శ్రీనివాసులు గారు వెంటనే ఫోన్ చేశారు. ఆ రోజు వాళ్లింట్లో మనవరాలికి నామకరణం. "ఇంటినిండా జనం వచ్చుండారు, వంట సగంలో ఉండాది. ఇప్పుడు నీళ్లు కట్టేస్తే ఎట్లమ్మా?" అని గొంతు పెంచారు.

"సార్, పైపులో ఉన్న నీళ్లు మీకే వస్తాయి. గుండిగలు పెట్టి పట్టుకోండి. మీరు ఎంత తొందరగా పట్టుకుంటే శెట్టిగారికి అంత మేలు."

ఆయన "సరే" అని, ఫోన్ పక్కకు తిప్పి వంటవాళ్లను కేకేశారు: "అప్పా, ఉండే గుండిగలన్నీ తెచ్చి కొళాయిల కింద పెట్టండి!" చుట్టాలు కూడా బిందెలు పట్టుకుని వరుసలో నిలబడ్డారని తర్వాత విన్నాను.

పై అంతస్తుల కొళాయిలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. గోడలోపల పైపు పెద్దగా గాలి పీల్చుకున్న శబ్దం మా ఇద్దరికీ వినిపించింది. బెజ్జం దగ్గర చిమ్మడం తగ్గి, సన్నగా కారి, బొట్లు పడి, ఆగిపోయింది. నాగరత్నమ్మగారు ఇంకా కర్ర అదిమే ఉన్నారు. "ఆగిపోయిందమ్మా, వదలండి" అని నేను చేయి పట్టుకుంటే గాని వదల్లేదు.

తర్వాతి పని అలవాటైనదే. నేల తుడిచాం. తడిసిన ప్లగ్గుబాక్సు ఊడదీసి బయట పెట్టాం. మెట్లెక్కి వచ్చిన ఎలక్ట్రీషియను ఆ ఇంటి తీగలు పరీక్షించి, గీజరు లైను దించే ఉంచి, పడకగది స్విచ్చు ఒక్కటే ఎత్తాడు. మిషను కాస్త ఎత్తుగా బల్లమీద పెట్టి, గోడకున్న పొడి ప్లగ్గుకు కలిపాం. అది మామూలుగా మోగడం మొదలెట్టింది. గొట్టం మళ్లీ మిషనుకు మార్చేటప్పటికి సిలిండరు ముల్లు ఎర్ర గీత మీద ఉంది. దాటలేదు.

శెట్టిగారు మాస్కు కాస్త పక్కకు జరిపి భార్యను చూసి, "అంగట్లోకి వాననీళ్లు వచ్చినప్పుడూ నువ్విట్లనే అడ్డం నిలిచినావు" అన్నారు. ఆమె తడి చీరతోనే పకపకా నవ్వారు. మేమూ నవ్వాం.

కాసేపటికి వాళ్లబ్బాయి సిలిండరుతో, అతని వెనకే మునిరాజు పనిముట్ల సంచితో వచ్చారు. బాత్రూం చూసి మునిరాజు, "అంతా చేసేసి నాకేం మిగిల్చినారు మేడం?" అన్నాడు. విరిగిన మెడ తీసి ఇత్తడిది బిగించడమే అతనికి మిగిలిన పని. మధ్యాహ్నం భోజనాల వేళకు లైనులోకి నీళ్లు వదిలాం. రెండో అంతస్తు నుంచి మా అందరికీ పాయసం వచ్చింది.

అనుమతి లేకుండా డాబా వాల్వు కట్టినందుకు కమిటీ సమావేశంలో ప్రశ్న వచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. ప్రాణానికి, కరెంటుకు సంబంధించిన ప్రమాదాల్లో మేనేజరు నోటీసు లేకుండా లైను ఆపవచ్చని అదే సమావేశంలో నిబంధన మార్చారు. పాడైన వాల్వులన్నీ మార్పించాను. ప్రతి ఇంట్లో ఒకరి చేతనైనా వాటిని తిప్పించి చూశాకే పని పూర్తయిందని సంతకం పెట్టాను.

ఆ ఉదయం నుంచి నా పద్ధతిలో రెండు మార్పులు వచ్చాయి. అంతవరకు ఫిర్యాదు వస్తే ఎక్కడ కారుతోందని అడిగేదాన్ని. ఆ తర్వాత ఇంట్లో ఎవరున్నారని ముందు అడిగేదాన్ని, ఎందుకంటే కరెంటు తీయాలా, తీస్తే ఎప్పుడు తీయాలి అన్నది దాన్నిబట్టే తేలుతుంది. రెండోది, వాల్వు కట్టగానే పని అయిపోయిందనుకోవడం మానేశాను. పైపులో నిలిచిన నీళ్లకు కూడా దారి చూపించాకే ఆ ఇంటి గడప దాటేదాన్ని.