ఒకటో తారీఖు ఆదివారం

ఎనభైల మొదట్లో, నేను కాలేజీలో చదువుకునే రోజుల్లో, అమలాపురం నుంచి రాజోలు వెళ్తున్నాను. బస్సు అంబాజీపేటలో ఆగింది. నా పక్క సీట్లో ఒకాయన, ఆయన ఒళ్ళో ఐదేళ్ళ కూతురు. కాలరు అరిగిపోతే తిరగేసి కుట్టించుకున్న చొక్కా. ఇస్త్రీ మాత్రం నలగలేదు.

కిటికీ దగ్గరికి జామకాయలమ్మే ముసలావిడ వచ్చింది. పాప చెయ్యి చాపింది. ఆయన ఆ చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని, పిడికిలి మూయించి, కణుపుల మీద వేలు పెట్టి నెలలు చెప్పడం మొదలుపెట్టాడు.

“ఇదిగో, ఇది జూలై. ఎత్తుగా ఉంది చూడమ్మా. ఎత్తుగా ఉన్న నెలకి ముప్పై ఒక్క రోజులు. ఇవాళే ఆఖరిది.”

నేనే ఒక కాయ కొనిద్దామని జేబులో చెయ్యి పెట్టాను. ఆయన చూసి, వద్దన్నట్టు తల ఊపాడు.

“పోన్లెండి, రేపు ఒకటో తారీఖే కదా,” అన్నాను ఏదో ఒకటి అనాలని.

“ఆయ్. రేపు ఆదివారమండీ. మిల్లుకి సెలవు. జీతాలు ఎల్లుండే ఇస్తారండి,” అన్నాడు, బస్సు టైము చెప్పినంత మామూలుగా.

బస్సు కదిలింది. పాప కిటికీలోంచి ముసలావిడని చూస్తూ, “ఎల్లుండి రండి మామ్మగారూ,” అంది. ఇంట్లో రోజూ వినే మాటలా, తడుముకోకుండా అంది.

ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

తర్వాత నాకూ ఉద్యోగం వచ్చింది. గోడకి కొత్త క్యాలెండరు తగిలించగానే మా ఇంట్లోవాళ్ళు పండుగలు ఎప్పుడొచ్చాయో చూస్తారు. నేను ఒకటో తారీఖు ఆదివారం పడిన నెలలు వెతుక్కుంటాను.