పరీక్ష మిషనులో మిరప దుమ్ము

1999 ఫిబ్రవరి. నరసరావుపేటలో నేను టైపు, షార్ట్‌హాండ్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ పెట్టి అప్పటికి పదహారేళ్ళయింది. మేడ మీద పొడవాటి గది, పద్నాలుగు మిషన్లు. టైపురైటర్ని మా వృత్తిలో అందరం మిషను అనే అంటాం.

ఈ కాలం పిల్లలకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ప్రభుత్వ టైపు పరీక్షకు మిషను ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. హాల్లో బల్ల, కుర్చీ మాత్రమే ఇస్తారు. పరీక్ష జరిగే గుంటూరులో మిషన్లు అద్దెకు దొరికేవి గానీ, అలవాటు లేని మిషను మీద చేయి ఆడదు. మా దగ్గర నేర్చుకునే నూర్జహాన్ అంతకుముందు ఏడాది హయ్యర్ పరీక్ష తప్పింది అలాగే. హయ్యర్ అంటే నిమిషానికి నలభై అయిదు మాటలు, పది నిమిషాల పాటు ఆగకుండా కొట్టాలి. అద్దె మిషను మీటలు బిగుసుకుపోయి ఆ అమ్మాయి సగంలోనే వెనకబడింది.

నూర్జహాన్ ఒక పత్తి మిల్లు ఆఫీసులో తాత్కాలిక టైపిస్టు. ఈసారి హయ్యర్ సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం ఖాయం చేస్తామని, లేకపోతే వేరే మనిషిని చూసుకుంటామని మేనేజరు చెప్పాడు. అందుకని ఆమె రోజూ సాధన చేసే మిషనునే పంపిద్దామనుకున్నాను. దానికి తోడు ఇంకొకటి. మెకానిక్కును పిలిపించి రెండింటికీ నూనె వేయించాను.

నూర్జహాన్ తండ్రి మస్తాన్‌కు ట్రాలీ ఆటో ఉంది. సీజనులో గుంటూరు మార్కెట్ యార్డుకు మిరపకాయ బస్తాలు తోలేవాడు. మిషన్లు తనే తెస్తానన్నాడు.

"అద్దె ఎంత మస్తాన్?" అన్నాను.

"నా బిడ్డ పరీక్షకి నేను అద్దె తీసుకుంటానా అమ్మగారూ? లేత ఆకు కూడా నలక్కుండా దింపుతా చూడండి."

"ఆకులు కాదయ్యా, మిషన్లు. కుదుపులకి కదలకుండా చూడు."

"లోడు కదలకుండా తోలడం నాకు చెప్పాలా?" అని నవ్వాడు.

పరీక్ష నాడు నేనూ నూర్జహానూ మొదటి బస్సుకు గుంటూరు వెళ్ళి, పరీక్ష జరిగే కాలేజీ వరండాలో నిలబడ్డాం. పది గంటలకు ఆమె బ్యాచ్. ఎనిమిదిన్నరకు మస్తాన్ వచ్చాడు. రెండు మిషన్లూ ఒక్క గీత పడకుండా ఉన్నాయి. తొడుగు తీశాక చూస్తే, లోపల అక్షరాల కడ్డీల మీద మడతపెట్టిన గోనెపట్టా కుక్కి ఉంది. రెండోదానికీ అంతే.

"ఇదేంటి?" అన్నాను.

"లోపల పుల్లలు టకటకా కొట్టుకుంటన్నాయమ్మగారూ. ఊడిపోతాయేమోనని పట్టా కుక్కా. లోడులో ఏదీ చప్పుడు కాకూడదు గదా."

అది మిరపకాయ బస్తా పట్టా. నూర్జహాన్ దాన్ని బయటికి లాగగానే ఎర్రటి దుమ్ము లేచింది. వరండాలో ఉన్నవాళ్ళంతా తుమ్మడం మొదలెట్టారు. "పొద్దున్నే ఈ తాలింపేంటండీ మేడమ్!" అని వాచ్‌మన్ కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

నూర్జహాన్ కాగితం ఎక్కించి ఒక మీట నొక్కింది. కడ్డీ పైకి లేచింది, కిందికి రాలేదు. ఇంకోటి నొక్కితే అదీ అంతే. అక్షరం అచ్చు ఉన్న ఈ సన్నని కడ్డీలను టైప్ బార్లంటారు. వాటి మొదళ్ళు సన్నని గాడులున్న ఒక ఇనప ముక్కలో కూర్చుంటాయి. దాని పేరు సెగ్మెంట్. కొత్తగా వేసిన నూనె తడికి మిరప దుమ్ము పట్టి గాడులన్నీ పూడుకుపోయాయి. తోడుగా తెచ్చిన మిషను ఇంకా అన్యాయం.

లోపలికి వెళ్ళి పరీక్ష అధికారిని బ్రతిమాలాను. మధ్యాహ్నం బ్యాచ్‌లో కూర్చోబెట్టమన్నాను.

"బ్యాచ్ మార్చే అధికారం నాకు లేదండి. మిషను ఎవరిదైనా తెచ్చుకోండి. పది దాటితే మాత్రం లోపలికి పంపను," అన్నాడు. ఆయన తప్పేమీ లేదు.

బయటికొచ్చేసరికి మస్తాన్ తల పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. "నా చేతుల్తో నేనే చేశా," అంటున్నాడు. కూతురు అతని భుజం కుదిపింది.

"తర్వాత ఏడుద్దువుగానీ లే నాన్నా. బంకుకెళ్ళి సీసాలో పెట్రోలు పట్రా. అట్నే రెండు పళ్ళ బ్రష్షులు. పరిగెత్తు!"

మా దగ్గర ప్రతి శనివారం ఎవరి మిషను వాళ్ళే తుడవాలి. కాబట్టి ఏం చేయాలో ఆ అమ్మాయికి వేరే చెప్పనక్కర్లేదు. చున్నీ ముక్కుకు కట్టుకుంది. తన మిషను రిబ్బను తీసి పక్కన పెట్టింది. పెట్రోలు తగిలితే రబ్బరు రోలరు పాడవుతుంది కనుక దాని చుట్టూ నేను పేపరు చుట్టాను. ఆమె బ్రష్షు ముంచి గాడులు తోముతుంటే నేను ఒక్కో కడ్డీ పైకెత్తి పట్టుకున్నాను. ఎర్రటి నీళ్ళు కారాయి. ఇంతలో వాచ్‌మన్ చూడ్డానికి దగ్గరికొచ్చాడు, నోట్లో బీడీతో.

"అయ్యా, ఆ బీడీ అవతల పారెయ్యి! పరీక్ష సంగతి తర్వాత, ముందు మనం ఉండాలి," అని అరిచాను. అతను రెండంగల్లో గేటు దగ్గరున్నాడు.

తొమ్మిదీ ముప్పావుకు కడ్డీలన్నీ లేచి పడుతున్నాయి. ఒక్క 'టి' మాత్రం బద్ధకంగా ఉంది. అప్పుడు నూర్జహాన్ తన చేతులు చూసుకుంది. వేళ్ళన్నీ ఎర్రగా మండుతున్నాయి. సబ్బుతో కడిగినా మంట తగ్గలేదు.

"వేళ్ళు మీట మీద ఆన్తుంటేనే మండుతుంది మేడమ్," అంది.

మస్తాన్ మళ్ళీ పరిగెత్తి ఎదురు కొట్లోంచి పెరుగు ప్యాకెట్లు తెచ్చాడు. పంటితో చింపి కూతురి రెండు చేతుల మీదా పోశాడు. "యార్డులో కాయ గ్రేడింగు చేసే ఆడోళ్ళకి ఇదే మందు. రుద్దుకో అమ్మా, బాగా రుద్దుకో. కళ్ళు మాత్రం ముట్టుకోమాక."

మంట పూర్తిగా పోలేదు, కానీ ఓర్చుకునేంతకు దిగింది. కడిగి తుడుచుకుని, మిషను తనే ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

హాల్లో గంట కొట్టారు. నలభై మిషన్లు ఒక్కసారి మొదలైతే వడగళ్ళవానలా ఉంటుంది, అందులో ఎవరిది ఏ చప్పుడో ఎవరూ చెప్పలేరు. నేనూ మస్తానూ వరండాలో కూర్చున్నాం. ఉత్తరాలు, పట్టికలు కొట్టే రెండో పేపరు కూడా అయ్యాక ఆమె బయటికొచ్చింది. ముఖమంతా చెమట.

"'టి' రెండుసార్లు ఇరుక్కుంది మేడమ్. వేలితో లాగి కొట్టా. ప్యాసేజీ మాత్రం పూర్తయింది."

"పూర్తయిందా?" అన్నాడు మస్తాన్.

"చివరి ఫుల్‌స్టాప్‌తో సహా!"

అతను మెట్ల మీదే కూలబడి పెద్దగా నవ్వాడు. ఆ ముందు రాత్రి నుంచీ మా ముగ్గురిలో ఎవరమూ ఏమీ తినలేదు. బస్టాండు పక్క హోటల్లో భోజనం చేశాం. సాంబారు ఘాటుగా ఉందని మస్తాన్ అంటే నూర్జహాన్‌కు పొలమారింది.

మే నెలలో ఫలితాలొచ్చాయి. సెకండ్ క్లాసు. మిల్లువాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. సర్టిఫికెట్ చూసిన రోజు నా గుండెల మీదినుంచి బరువు దిగింది. బాగా నేర్చుకున్న పిల్ల మనం పంపిన సామాను వల్ల తప్పిందంటే నేను తట్టుకోలేకపోయేదాన్ని.

ఆ ఏడే మిషన్లకు మూతలున్న చెక్క పెట్టెలు చేయించాను. పరీక్షకు నెల ముందు నుంచి ప్రతి విద్యార్థీ తన మిషనును పెట్టెలో బిగించి, మెట్లు దించి, మళ్ళీ పైకి తెచ్చి, వేరే బల్ల మీద పెట్టుకున్నాకే టెస్టు మొదలుపెట్టాలని నియమం చేశాను. పిల్లలు సణిగారు. సణిగినా మోశారు.

తర్వాత ఇన్‌స్టిట్యూట్ తనిఖీకి వచ్చిన ప్రభుత్వ అధికారి మిషన్లు లెక్కపెట్టి, బల్లలు లెక్కపెట్టి, ఆ పెట్టెల దగ్గర ఆగాడు. "ఇవెందుకండీ? పరికరాల జాబితాలో లేవే," అన్నాడు.

"మిషన్లు పరీక్ష దాకా వెళ్ళడానికండి," అన్నాను.

ఆయన వాటిని లెక్కలో రాసుకోలేదు. నేను మాత్రం అప్పటి నుంచి, గదిలో ఎన్ని మిషన్లున్నాయని ఎవరడిగినా, పరీక్ష బల్ల మీదికి పాడవకుండా చేరగలిగేవి ఎన్నో అన్నే చెప్పేదాన్ని.