కిటికీ జాలీలోంచి అడవి

మొన్న సెలవు దినాన, హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే మా అబ్బాయీ కోడలూ మనవడితో కలిసి నన్ను బెంగుళూరు పక్కనున్న జాతీయ పార్కుకు తీసుకుపోయారు. అడవి చూపిస్తారట, అడవిలో ఆవుల మధ్య పెరిగినదాన్ని, నాకు! పిల్లల సరదా కాదనడమెందుకని బస్సెక్కాను. కిటికీలన్నిటికీ ఇనుప జాలీ బిగించారు, తలుపు డ్రైవరు తీస్తే తప్ప తెరుచుకోదు, లేవకూడదు, చెయ్యి బయట పెట్టకూడదు అని కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ హెచ్చరించారు. కాసేపటికే నాకు ఊపిరాడలేదు.

ఒక మలుపులో బస్సు ఆగింది. పొదల పక్కన ఏనుగు. నేను గబుక్కున చేతులు జోడించి, "సామి వచ్చినాడు" అన్నాను. మా మనవడు అటూ ఇటూ చూసి, "యాడవ్వా సామి? ఈడ గుడి యాడుంది?" అనేసరికి బస్సంతా నవ్వింది. వాణ్ణి అని ఏం లాభం? అడవిలో ఉండగా మా వాళ్ళు ఏనుగును పేరు పెట్టి అనరనీ, అంటే పిలిచినట్టే వస్తుందనీ, అందుకే సామి అంటారనీ వాడికి ఎవరు చెప్పారు గనుక.

పశువుల వెంట తిరిగిన నా ఈడువాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, ఎండాకాలం వస్తే అంచెట్టి వైపు అడవిలో చుట్టూ ముళ్ళకంప వేసి దొడ్డి కట్టి, ఆవులతోపాటు మనమూ అందులోనే పడుకునేవాళ్ళం. నాకింకా పెళ్ళికాని రోజులు. ఒకసారి నాయన రాగులకని ఊరికి పోయినప్పుడు, నీళ్ళు పారే వంకకు పోయే దోవలో ఏనుగుల గుంపు దిగి కదలనంటే కదలలేదు. దొడ్డిలో మా అవ్వా, నేనూ, ఆవులూ చిక్కుకుపోయాం. కుండలో నీళ్ళు మాకే చాలవు, ఆవులేమో అరిచి అరిచి గొంతు పోయి కంపను కుమ్మసాగాయి. తోలితే ఏనుగుల కాళ్ళ కింద పడతాయి, తోలకపోతే దప్పికతో చస్తాయి, అవి పోతే మాకు కూడు లేదు. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటారే, అదే. నేను ఏడుస్తూ కూర్చుంటే, అవ్వ కొంగు నడుముకు దోపి, వాకిలి కంప లాగేసి, ఆవుల ముందు నిలబడి, ఇంటికొచ్చిన పెద్దమనిషితో మాట్లాడినట్టు అన్నది: "సామీ, నోరులేని జీవాలప్పా, దప్పికతో సస్తా ఉండాయి. రవ్వంత దోవ ఇడువు." ఆ మాట విన్నాయో, వాటికే విసుగు పుట్టిందో నాకు ఈనాటికీ తెలియదు గానీ, చాలాసేపటికి పెద్దది చెవులాడించి పక్కకు తిరిగితే తక్కినవి దాని వెంట నడిచాయి. ఆవులు వంకలో మూతులు ముంచి తాగుతుంటే నాకు మళ్ళీ ఏడుపొచ్చింది, ఈసారి సంతోషంతో.

తరువాత అడవికి హద్దులు వేశారు, మేత కుదరదన్నారు. జంతువుల మేలుకే అన్నారు, కావచ్చు. ఆవులు సంతకు పోయాయి, నాయన బర్గూరు రాళ్ళ గనిలో కూలికి పోయాడు, నేను పెళ్ళయి హోసూరు వచ్చి, మేడ మీది అద్దె గదిలో తలుపు వేసుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. ఇన్నేళ్ళయినా ఆ గది నాకు ఇరుకే.

ఆనాడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నా, కంప లాగితే బయట ఒక దోవ ఉండేది. మొన్న బస్సు కదలబోతుంటే జాలీకి మొహం ఆనించి, అవ్వలాగే సామిని దోవ అడుగుదామని నోరు తెరిచి ఆగిపోయాను. దోవ అడగాలంటే దప్పికతో ఉన్న ఆవొకటి వెంట ఉండాలి, పోవడానికి వంకొకటి ఉండాలి. ఏమని అడగను?