వెయ్యక వెయ్యీ పదిహేడు

టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషికి అవతలివాడు "ఆఁ" అన్న తీరు చాలు. వాడు నిజం చెబుతున్నాడో, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నాడో తెలిసిపోతుంది. మా వీధిలో అలాంటి మనిషి ఒకావిడ ఉంది. అందరూ హలోగారు అంటారు. తలుపు తట్టినా, పాలు పొంగినా ఆమె నోట మొదట వచ్చేది ఆ మాటే. పెళ్ళయిన కొత్తలో భర్తను కూడా అలాగే పిలిచిందట. ఆయన పలికాడు. ముప్ఫై ఏళ్ళుగా పలుకుతూనే ఉన్నాడు.

నేను కాలికి బలపం కట్టుకుని తిరిగినవాణ్ణి. రైలు పెట్టెల్లో, లాడ్జి గదుల్లో చదివినన్ని పుస్తకాలు ఇంటిపట్టున ఉండి చదివి ఎరగను. చూపు మందగించాక ఈ వీధిలో ఆగాను. ఇప్పుడు చెవులతో చదువుకుంటున్నాను. అది హలోగారి చలవే కనక ఆమె కథ నేను చెప్పడం న్యాయం.

ఆమె పందొమ్మిదో ఏట ఎక్స్ఛేంజిలో చేరింది. గోడంత బోర్డు, దాని నిండా చిల్లులు, ఒడినిండా తీగలు. ఒకరు ఇంకొకరిని అడిగితే తీగ తీసి ఆ చిల్లులో గుచ్చాలి. దాన్ని లైను వేయడం అనేవాళ్ళు. మాటలు ముగిశాక తీగ లాగెయ్యాలి. అది లైను తీయడం. వేసినవాళ్ళే తీయాలని నియమం. ఎవరైనా తీయడం మరిచిపోతూ పోతే మధ్యాహ్నానికి తీగలన్నీ బోర్డు మీదే వేలాడేవి. డాక్టరు కావాలన్నవాడికి కూడా లైను దొరికేది కాదు.

ముప్ఫై తొమ్మిదో ఏట ఆ పనికి యంత్రం వచ్చింది. తోటివాళ్ళు దాన్ని తిట్టుకుంటూ ఇళ్ళకు వెళ్ళారు. హలోగారు మాత్రం, "నా కుర్చీలో కూర్చున్నది ఎవరో చూసి గాని ఊరుకోను" అని సాయంకాలపు కంప్యూటరు క్లాసులో చేరింది. క్లాసులో అందరికన్నా పెద్దది తనే. పాఠం చెప్పేవాడికన్నా కూడా. మూడేళ్ళు తిరక్కుండా ప్రోగ్రాములు రాసి నలుగురికీ ఇచ్చే స్థితికి వచ్చింది.

భర్త తాళాలు బాగుచేస్తాడు. వాళ్ళ నాన్నదీ అదే పని. ముందు గది ఆయన కొట్టు, వెనక గది ఆమె కంప్యూటరుది. మధ్యన ఒక తలుపు ఉంది. తాళాలాయన ఇంట్లో తాళం లేని తలుపు అదొక్కటే. ఆయన చెల్లెలు బుల్లి రెండు వీధుల అవతల ఉంటుంది. నలభై అయిదేళ్ళది. బడిలో లెక్కలు చెప్పడం మానేసి వదిన దగ్గర ప్రోగ్రాములు నేర్చింది. నేర్చి వదినను మించిందని బుల్లి అంటుంది. హలోగారు దీనికి నవ్వుతుంది. ఆ నవ్వు బుల్లికి నచ్చదు.

వదినా ఆడపడుచూ ఎనిమిదేళ్ళు కూర్చుని ఒక లైబ్రరీ తయారుచేశారు. పుస్తకాల లైబ్రరీ కాదు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు పదిమందీ తీసి వాడుకునేలా ఒకరు అమర్చి పెట్టిన పనిముట్ల పెట్టెను ఆ రంగంలో లైబ్రరీ అంటారు. వీళ్ళ పెట్టె పని ఏమిటంటే, పుస్తకాన్ని పేజీ పేజీగా కంప్యూటరు నోట చదివించడం. ఒక్కో పేజీ ఒక్కో ఫైలు. ఫైలు తెరిస్తే అందులోంచి అక్షరాలు ధారగా వస్తాయి. ఆ ధారే స్ట్రీము. హలోగారు రాసిన భాగం ఫైలు తెరిచి స్ట్రీమును అందిస్తుంది. బుల్లి రాసిన భాగం దాన్ని గొంతుగా మారుస్తుంది. పోస్టాఫీసు మేడ మీద చూపులేని వాళ్ళ పఠన కేంద్రం ఉంది. అక్కడి యంత్రంలో నడిచేది ఈ లైబ్రరీయే. పన్నెండు కుర్చీలు, పన్నెండు జతల చెవి గొట్టాలు. వాటిలో ఒక జత నాది.

కేంద్రం నడిపే మాస్టారికి పుట్టుకతో చూపు లేదు. మాటకు మాత్రం పదును ఎక్కువ. ఒక సోమవారం ఆయన హలోగారికి ఫోను చేశాడు.

"అమ్మా, మీ యంత్రం మౌనవ్రతం పట్టింది."

"ఎప్పుడు మాస్టారూ?"

"నాలుగు నెలల నుంచీ. ఆపి మళ్ళీ పెడితే మాట్లాడేది కదా అని సరిపెట్టుకున్నాం. ఇప్పుడు జనం పెరిగారు, రోజూ పడిపోతోంది. ఒకనాడు మూడింటికి, ఒకనాడు పన్నెండుకే. మా కుట్టుపని ఆవిడ ఒక హత్య నవల మూడుసార్లు మొదలుపెట్టింది. మూడుసార్లూ హంతకుడు దొరికే ముందే నోరు మూతపడింది. ఆవిడిప్పుడు మిమ్మల్నే అనుమానిస్తోంది."

"మా లైబ్రరీలో లోపం ఉండదు మాస్టారూ. మీ యంత్రం పాతది."

"అలాగే అనుకుందాం. శుక్రవారం ఒక కంపెనీవాళ్ళు వాళ్ళ సరుకు పట్టుకొస్తున్నారు. అప్పటికి మీది కుదిరితే మీదే ఉంటుంది. లేదంటే ఎనిమిదేళ్ళ పరిచయం అని కూడా చూడను, తీసేస్తాను."

హలోగారికి కోపం రాలేదు. ఎక్స్ఛేంజిలో ఇంతకన్నా ఘాటైనవి విన్నది. కాని ఆ రాత్రి భోజనం దగ్గర ఆమె ఎవరినీ హలో అనలేదని భర్త నాతో చెప్పాడు.

మంగళవారం పొద్దున్నే కేంద్రానికి వచ్చి ఒక మూల కూర్చుంది. యంత్రం వేడెక్కుతోందా అని చూడలేదు. ఏ పుస్తకం దగ్గర ఆగిందో కూడా అడగలేదు. పన్నెండు మందీ కలిసి ఎన్ని పేజీలు విన్నారో గీతలు పెడుతూ పోయింది. రెండింటికి యంత్రం నోరు మూసింది. మళ్ళీ నడిపించి, కేంద్రం కట్టేసేదాకా ఉండి, గొంతు వేగం పెంచి ఇంకోసారి లెక్కపెట్టింది. రెండుసార్లూ ఒకటే సంఖ్య వచ్చింది. వెయ్యీ పదిహేడు. ఆ తరువాతి పేజీకి గొంతు లేదు.

"పుస్తకం కాదు, గంట కాదు, లెక్క" అంది నాతో. "ఒక ప్రోగ్రాము ఒక్కసారిగా వెయ్యీ ఇరవై నాలుగు ఫైళ్ళ దాకానే తెరిచి ఉంచుకోవచ్చు, ఈ యంత్రం నియమం అది. ఏడు దాని సొంతానికి. మిగిలింది వెయ్యీ పదిహేడు. ఎవరో పేజీలు తెరిచి మూయడం లేదు. బోర్డు మీద తీగలు అయిపోయాయి."

యంత్రాన్ని అడిగితే తెరిచి ఉన్న ఫైళ్ళ జాబితా చెప్పింది. పొద్దున విన్న పేజీలన్నీ అందులో బారులు తీరి ఉన్నాయి. ఆపి మళ్ళీ పెట్టినప్పుడు అన్నీ ఒక్కసారి మూసుకుంటాయి కనకనే ప్రతిసారీ కొత్తగా మాట్లాడేది.

జబ్బు తెలిసింది, జబ్బు చేసిన చోటు తెలియలేదు. బుధవారమంతా వదిన తన భాగం, ఆడపడుచు తన భాగం ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని వరుస వరుసా చదివారు. సాయంకాలం ఫోనులో కలిశారు. హలోగారు ఫోను స్పీకరు మీద పెట్టడంతో, ఆమె గదిలో పాత తాళంచెవుల డబ్బా మీద కూర్చున్న నాకు ఇద్దరి మాటలూ వినపడ్డాయి.

"వదినా, నాది శుభ్రం."

"నాదీ శుభ్రమే. మరి దయ్యం తెరిచి పెడుతోందంటావా?"

"దయ్యమెందుకు, వదినలుండగా."

"నోరు తగ్గించు."

"పేజీ స్ట్రీము నువ్వు వేస్తున్నావా లేదా, అది చెప్పు."

"వేస్తున్నాను. ఇరవై మూడో వరుసలో. నువ్వే రాసి పెట్టావు కదా, నీ భాగంలో పక్కన."

బుల్లి రాసి పెట్టింది నిజమే. ప్రోగ్రాములో ఆజ్ఞల పక్కన మనుషుల కోసం చిన్న చిన్న వ్యాఖ్యలు రాసుకుంటారు. బుల్లి భాగంలో ఒకచోట ఇలా ఉంది: "ఇది వదిన వేస్తుంది. ముట్టుకోవద్దు." హలోగారు ఆ మాటను మూడు రోజుల్లో నాలుగుసార్లు చదివింది. చదివినప్పుడల్లా, "అవును, నేనే వేస్తాను" అని తలూపి ముందుకు పోయింది.

"నువ్వు వేశానంటే వేసినట్టే. ఇంక చూసేదేముంది" అంది బుల్లి. "మా పుట్టింట్లో నీ మాటే వేదం. కావాలంటే మా అన్నయ్యనడుగు. ఆగు, నేనే వస్తున్నా."

వాన ముసురుకుని అయిదింటికే చీకటి కమ్మింది. బుల్లి తడిసి లోపలికి వచ్చింది. కొట్టులో అన్నగారు ఒక ఇత్తడి తాళాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, తల ఎత్తకుండానే అన్నాడు:

"బుల్లీ, తలుపు వెయ్యి, జల్లు కొడుతోంది. లైటు కూడా వెయ్యి, ఇందులో ఏమీ కనపడ్డం లేదు."

బుల్లి ఒక చేత్తో తలుపు నెట్టి, రెండో చేత్తో స్విచ్చి నొక్కింది.

వెనక గదిలోంచి, "హలో" అని వినిపించింది. హలోగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏవండీ, ఇప్పుడేమన్నారు?"

"ఏమన్నాను? తలుపు వెయ్యమన్నాను. లైటు వెయ్యమన్నాను. తప్పా?"

"తలుపు వేస్తే ఏమైంది?"

"మూసుకుంది."

"లైటు వేస్తే?"

ఆయన తాళం కింద పెట్టి భార్యను, వెలుగుతున్న లైటును మార్చి మార్చి చూశాడు. "వెలిగింది. ఒంట్లో బాగానే ఉందా?"

"బుల్లీ, నాలుగు నెలల కిందట బస్సులోంచి ఫోను చేసి అడిగావు. పేజీ స్ట్రీము నువ్వే వేస్తున్నావా అని. గుర్తుందా?"

"ఉంది. నేనే వేస్తున్నా, ముట్టుకోకు అన్నావు. అందుకే నా దగ్గరున్న వరుస కొట్టేసి, ఆ ముక్క రాసుకున్నా."

"నువ్వు అడిగిన వేయడం ఏ వేయడం?"

"మూయడం. తాళం వేసినట్టు."

"నేను వేస్తున్నానన్నది లైను వేసినట్టు. తెరిచి, కలపడం."

తాళాలాయన మళ్ళీ తాళం అందుకుంటూ, "ఇద్దరూ పనిమంతులే. తలుపొక్కటే తెరిచి ఉంది" అన్నాడు.

బుల్లికి నవ్వు ఆగలేదు. "వదినా, వెయ్యక వెయ్యీ పదిహేడు అయ్యాయే."

నేను ఎన్నో నిఘంటువులు తిరగేసినవాణ్ణి. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి పేజీలకు పేజీలు పోతాయి. అడుగు వేస్తాం, కేక వేస్తాం, ఓటు వేస్తాం, వేషం వేస్తాం. ఆకలి, చలి, భయం మాత్రం మనం వేయకుండానే వేస్తాయి. ఒకసారి ఒక లాడ్జిలో సామాను మోసేవాడితో ఫ్యాను వెయ్యి, మంచం వెయ్యి, పోతూ తలుపు వెయ్యి అన్నాను. మూడూ మూడు రకాలుగా చేసి పోయాడు, ఒక్కదానికీ తడుముకోలేదు. ఎదురుగా ఫ్యానూ తలుపూ కనపడుతుంటే మాటకు అర్థం అవే చెబుతాయి. ఫోనులో వాటి సాయం ఉండదు. ఎక్స్ఛేంజిలో పెరిగిన నోటికీ తాళాల కొట్లో పెరిగిన చెవికీ మధ్య ఆ పని ఎవరు చేస్తారు?

హలోగారు నవ్వలేదు. మాస్టారికి ఫోను కలిపింది. "లోపం మాదే మాస్టారూ. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే నా నోటిది. సోమవారం మీ యంత్రాన్ని అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. శుక్రవారం పొద్దున్నే వస్తాం."

"కుదురుతుందా అమ్మా?"

"కుదురుతుంది."

ఆ "కుదురుతుంది" ఎలాంటిదో నాకు తెలుసు. చెవితో బతుకుతున్నవాణ్ణి కదా.

బుల్లి కొట్టేసిన ఒక్క వరుసను తిరిగి రాస్తే అక్కడితో జబ్బు పోయేది. "పెట్టేసి పడుకుందాం వదినా" అంది బుల్లి. హలోగారు ఒప్పుకోలేదు. గురువారమంతా కూర్చుని లైబ్రరీకి తన పాత బోర్డు నియమం నేర్పింది. ఏ భాగం ఫైలు తెరిచిందో ఆ భాగమే మూయాలి. చదువుతూ మధ్యలో పని చెడి బయటపడినా సరే, గడప దాటేటప్పుడు దానంతటదే మూసుకునేలా కట్టింది. ఇంకోటి కూడా చేసింది. లైబ్రరీలో ఎవరు ఏం మార్చినా, తెరిచినవెన్నో మూసినవన్నే ఉన్నాయని తేలితే తప్ప ఆ మార్పు లోపలికి రాదు. చివరికి ప్రోగ్రాము మొత్తం వెతికి, పక్కన రాసుకున్న వ్యాఖ్యల్లో "వేయడం" ఉన్న చోటల్లా కొట్టించింది. మొత్తం అరవై రెండు. కొన్ని "తెరవడం" అయ్యాయి, కొన్ని "మూయడం" అయ్యాయి. పదకొండింటి దగ్గర మాత్రం ఏది రాయాలో ఇద్దరికీ తెలియక, ఆజ్ఞ చూసి తేల్చుకోవలసి వచ్చింది.

"ఇందులో ఎన్ని నీవి, ఎన్ని నావి?" అంది బుల్లి.

"లెక్కపెట్టకు. పుట్టింటికి రావడం మానేస్తావు."

శుక్రవారం కేంద్రంలో పన్నెండు కుర్చీలూ నిండాయి. కంపెనీవాళ్ళు ఇద్దరు మెరిసే పెట్టెతో వచ్చి గోడ పక్కన కూర్చున్నారు. మాస్టారు వాళ్ళకు నీళ్ళిప్పించి, "కొంచెం ఆగాలి. ముందు వచ్చినవాళ్ళు ముందు" అన్నాడు. హలోగారు తన మూల నుంచి గీతలు పెడుతోంది. వెయ్యి దాటేసరికి ఒంటిగంటన్నర. ఒక్కొక్కరే చెవి గొట్టాలు ఒక చెవి నుంచి పక్కకు జరిపారు, పక్కవాడి గొంతు ఆగుతుందేమో విందామని.

"పదిహేడు" అంది బుల్లి మెల్లగా. ఆ తరువాతి పేజీ కుట్టుపని ఆవిడకు వచ్చింది. అందరం ఆవిడ వైపు తిరిగాం, చూపు ఉన్నవాళ్ళం లేనివాళ్ళం కూడా. ఆవిడ చెవి గొట్టాలను రెండు చేతులతో అదుముకుంది.

"ఏమైందమ్మా, ఆగిందా?" అన్నాడు మాస్టారు.

"ఉష్" అంది ఆవిడ. "వంటవాడు కాదుట."

నాలుగింటికి గీతలు పద్దెనిమిది వందలు దాటాయి. హలోగారు యంత్రాన్ని జాబితా అడిగింది. దాని సొంతం ఏడు, ఇప్పుడు వింటున్న పన్నెండు మంది పేజీలు పన్నెండు, అంతే. బుల్లి ఆ జాబితాను మాస్టారికి చదివి వినిపించింది. ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు. కంపెనీవాళ్ళు తమ పెట్టె తీయకుండానే లేచి, మర్యాదగా చెప్పి వెళ్ళారు.

"ఎనిమిదేళ్ళ పరిచయం చూసి కాదు. పందొమ్మిది చూసి ఉంచుతున్నాను" అన్నాడు మాస్టారు. ఆపైన తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు. "హాలు తలుపు వేస్తారా అమ్మా, వెళ్తూ?"

హలోగారు సంచి భుజాన తగిలించుకుంటూ అడిగింది. "మూయమనేనా మాస్టారూ?"