శవం ఊపిరి పట్టుకునే మా మేనత్త

మా మేనత్త పోయిందని వదిన ఫోన్ చేసినప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట, "ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పుడేందిరా, నా ముందల్నే పాణం పోయింది" అని వదిన ఏడ్చింది. వదిన అంటే మా అత్త కూతురే, ఆఖరిదాకా తల్లి మంచం పక్కన కూర్చున్న మనిషి. ఆ మనిషిని పట్టుకుని సాక్ష్యం అడిగాను. నిజానికి ఆ ప్రశ్న నాది కాదు, మా అత్తది. వాన పడుతుందన్నా, పెళ్లి కుదిరిందన్నా, ఫలానా సినిమా బాగుందన్నా ఆమె ముందు అడిగేది అదే. "ఎవలు చెప్పిండ్రు? వాని కండ్లతోని చూసిండా?" కరీంనగర్‌లో నా ఫ్లెక్సీల దుకాణం షట్టర్ దించి హుజూరాబాద్ బస్సెక్కాక కూడా నాకు నమ్మకం కుదరలేదు.

ఆమెను ఇక్కడ నేను పొగడబోవడం లేదు. ఎవరైనా పొగిడితే ఆమె వాళ్లను ఎగాదిగా చూసి, "వీనికేం కావాల్నో అడుగుండ్రి" అనేది. కూరగాయలు కొనేటప్పుడు తక్కెడ చూసేది కాదు, తూచేవాడి మొహం చూసేది. అంతా బాగానే ఉందని డాక్టరు చెబితే, మరి మందులెందుకు రాస్తున్నవని అడిగేది. ఇంత అనుమానపు మనిషికి సినిమాలంటే మాత్రం ప్రాణం. కొత్త సినిమా వచ్చిన వారంలోపే మేమంతా ఖాలా అని, అంటే పిన్నీ అని, పిలిచే పక్కింటామెను వెంటబెట్టుకుని హాలుకు పోవాల్సిందే. ఖాలా ఏడవడానికి పోయేది. అత్త దొంగను పట్టుకోవడానికి పోయేది. ఖాలా దుపట్టాతో కళ్లు ఒత్తుకుంటుంటే అత్త ఆమె చెవిలో, "ఊకో, వాడు ఏడుస్తలేడు, కంట్ల నలుసు పడ్డట్టు చేస్తుండు" అనేది. ఖాలా ఆ మాటకు ఇంకాస్త ఏడ్చేది.

ఈ మధ్య వచ్చిన పెద్ద సినిమాలకు మీరు ఈలలు వేసే ఉంటారు. మా అత్త మీ వెనక వరసలో కూర్చుని ఉంటే ఈల సగంలోనే ఆగిపోయేది. గొడ్డలి భుజాన వేసుకున్న హీరో మెల్లగా నడిచొస్తుంటే హాలంతా కాగితాలు ఎగరేస్తుంది. "గింత మెల్లగొస్తే అవతలోళ్లు ఉరికిపోరా? ఆళ్లు గూడ జీతం తీసుకున్నట్టున్నరు" అనేది అత్త. హీరోకు కష్టం వచ్చిందంటే గడ్డం పెరగాలి, ఏడుపు రాకపోతే వాన పడాలి, అని ఆమె లెక్క. "గా వాన సూడు, వాని మీదనే పడుతది. పక్కన పొలం ఎండిపోతున్నా దాని మీద పడదు." పొలంలో నాటు వేసే హీరోయిన్‌ను చూసి, ఆ పిల్ల చీర అంచుకు బురద ఏదని అడిగింది. రెండో భాగం కూడా ఉందట అని నేను సంబరంగా చెబితే, "అంటే మొదటి దాంట్ల చెప్పుడు రాలేదన్నట్టు" అని తేల్చేసింది. మన యాసలో మాట్లాడే సినిమాలు వచ్చినప్పుడైనా మెత్తబడుతుందనుకున్నాను. "మన మాటలే గని, నోట్లె ఉడుకన్నం పెట్టుకొని మాట్లాడుతున్నట్టున్నది" అంది.

విలన్లు అరిస్తే ఆమెకు నవ్వొచ్చేది. "కోపమొస్తే అరుస్తరని ఎవలు చెప్పిండ్రు వీళ్లకు? మీ మామకు కోపమొస్తే అన్నం కలుపుడు ఆపేటోడు. గంతే. నా గుండె జారిపోయేది" అనేది. ఆ ఒక్క మాటతో నాకు ఎంతోమంది విలన్లు కంటికి ఆనకుండా పోయారు.

ఆమె దగ్గర మెప్పు అనేది లేకపోలేదు. "జర నమ్మొచ్చు" అనేది. అంతకు మించిన బిరుదు లేదు. నాకు తెలిసి ఆ బిరుదు దక్కింది ఒక పల్లెటూరి సినిమాలోని బర్రెకు. "గది ఒక్కటే ఎవల మెప్పు కోసం సూడలే" అని కారణం కూడా చెప్పింది.

ఇక చావు సీన్లు. తెర మీద ఎవరైనా పోతే హాలంతా మొహం చూస్తుంది. మా అత్త కడుపు చూసేది. కొంచెం ముందుకు వంగి, కళ్లు చికిలించి, పిల్లి ఎలుక బొక్క దగ్గర కూర్చున్నట్టు కూర్చునేది. "అగో, ఊగింది, ఊపిరి తీస్తుండు" అని గట్టిగానే అనేది. ముందు వరసల వాళ్లు వెనక్కి తిరిగి కోపంగా చూసేవాళ్లు. ఎంత పెద్ద నటుడైనా ఆమెకు దొరకకుండా చావలేకపోయాడు.

ఇది వట్టి తమాషా అనుకునేవాణ్ని చాలాకాలం. ఒకసారి చింతచిగురు ఏరుతూ ఆమే చెప్పింది. మామ మస్కట్‌లో పనికి పోయి అక్కడే చనిపోయాడు. శవం పెట్టెలో వచ్చింది. మొహం దగ్గర చిన్న అద్దం ఉంది, పెట్టె తెరవొద్దని పెద్దమనుషులు అన్నారు. "మొఖమొక్కటే సూపిచ్చిండ్రురా. మొఖంల ఏం తెలుస్తది? నిద్రపోయేటోని మొఖం గూడ గట్లనే ఉంటది." శ్మశానం దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, ఒకవేళ లేస్తారేమోనని, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలుస్తాం కదా. మామకు చెవి అందలేదు. అత్తకు తోడబుట్టినవాడు, మా బాపు, పెట్టె మీద వంగి పిలిచాడట. "మీ బాపు చెక్కను పిలిసిండు" అంది అత్త, చిగురులోంచి పుల్ల తీసి పారేస్తూ.

కొన్నేళ్ల కిందట మా దగ్గరి ఊళ్లో ఒక సినిమా తీశారు. ఊరి పెద్ద చావు మీద కథ. చావు ఇంటి ముందు కట్టడానికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కావాలని నా దగ్గరికే వచ్చారు. ప్రింటు కొట్టి తీసుకుపోయాను. శవంగా పడుకోవడానికి ఒప్పుకున్న పెద్దాయన ఆ ఫ్లెక్సీలో తన ఫొటో చూసుకుని, బండెక్కి చెప్పకుండా వెళ్లిపోయాడు. డైరెక్టరు అటూ ఇటూ చూసి నా వైపు చూశాడు. తల నెరిసిన వాణ్ని, ఒళ్లున్న వాణ్ని. ఫ్లెక్సీ మళ్లీ కొట్టాల్సి వచ్చింది, ఈసారి నా ఫొటోతో.

పాడె మీద పడుకున్నప్పుడు నాకు కెమెరా భయం లేదు, అత్త భయం ఉంది. కడుపు కదలకుండా గొంతులోనే ఊపిరి తీయడం ఇంట్లో అద్దం ముందు నేర్చుకున్నాను. దింపుడు కళ్లం సీను పెద్దది, ఎంతసేపటికీ అయిపోదు. ఆమె నోటి వెంట ఒక్కసారి "జర నమ్మొచ్చు" అనిపించుకోవాలి. బర్రెకు ఇచ్చింది, సొంత మేనల్లుడికి ఇవ్వదా?

షూటింగ్ అయ్యాక నేరుగా ఆమె ఇంటికే పోయాను. సంగతి విని నన్ను గడప తొక్కనివ్వలేదు. వాకిట్లోనే నిలబెట్టి, చావింటికి పోయి వచ్చినవాణ్ని నిలబెట్టినట్టు, బకెట్ నీళ్లు తెచ్చి నెత్తిన కుమ్మరించింది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది.

"సిన్మ అంతా దొంగదే అంటవు గదా అత్తమ్మా, దొంగ చావుకు నిజం నీళ్లెందుకు?" అన్నాను వణుకుతూ.

"దొంగదో నిజందో సావుకేమెరుక? ఊకె నిలబడు" అంది. కొంగుతో నా ఛాతీ తుడిచి, అరచెయ్యి అక్కడే కాసేపు ఉంచింది. ఇంకా తడి ఉందేమో చూస్తోందనుకున్నాను.

సినిమా ఆడింది, బాగానే ఆడింది. అత్తా ఖాలా మొదటి ఆటకే పోయారు. నేను దుకాణం వదిలేసి వచ్చి హాలు బయట నిలబడ్డాను, పరీక్ష రాసిన పిల్లాడిలా. అత్త కొంగు సర్దుకుంటూ బయటికొచ్చింది.

"ఎట్లున్నది అత్తమ్మా?"

"కడుపు ఊగింది" అని ఆగకుండా నడిచిపోయింది.

నాకు కోపం వచ్చింది. ఫోన్‌లో ఆ సినిమా వచ్చాక ఆ సీను ఆపి ఆపి చూశాను, పెద్దది చేసి చూశాను. ఊగలేదు. ఊగలేదని ప్రమాణం చేసి చెప్పగలను. ఫోన్ పట్టుకుపోయి "మళ్ల సూడు అత్తమ్మా" అంటే, కళ్లద్దాలు లేవనేది, పొయ్యి మీద పాలున్నాయనేది. మేనల్లుడికి పేరొస్తే ఓర్వలేకపోతోందా అని కూడా నాకు అనుమానం వచ్చింది. ఆమె నేర్పిన విద్యే మరి.

మొన్న అత్త ఇంట్లో, నడిమి గదిలో ఆమెను పడుకోబెట్టి ఉంటే, నేను ఒక మూల నిలబడి కడుపు వైపే చూస్తున్నాను. ఫ్యాను గాలికి తెల్లగుడ్డ కదిలిన ప్రతిసారీ వదిన వైపు చూశాను. ఖాలా నన్ను గమనించినట్టుంది, పక్కకు పిలిచింది.

"కడుపు సూస్తున్నవా బేటా?"

అవునన్నాను. కోపం ఇంకా మిగిలే ఉందేమో, ఆ రోజు నా కడుపు నిజంగా ఊగిందా ఖాలా, అని కూడా అడిగాను.

"నాకేమెరుక, నేను ఏడుస్తున్న. మీ అత్త సూడనే లేదు. నిన్ను పాడె మీద ఎక్కిచ్చిండ్రో లేదో, కొంగు మొఖం మీద కప్పుకున్నది. అయిపోయిందా, అయిపోయిందా అని అడుగుతనే ఉన్నది. నా చెయ్యి పట్టుకున్నది జూడు, గోర్లు దిగినయి."

ఖాలా ఇంకేదో చెప్పింది, నాకు వినపడలేదు. నేను పెరట్లోకి పోయి, ఆమె నన్ను తడిపిన బకెట్ దగ్గర కూర్చుని ఏడ్చాను. గడ్డం పెరగలేదు, వాన పడలేదు. ఆమె చూసి ఉంటే నమ్మేదనే అనుకుంటున్నాను.

దింపుడు కళ్లం దగ్గర డప్పులు ఆగాయి. పాడె దించారు. వదిన తల్లిని "అవ్వా" అని పిలిచి కూలబడింది. తర్వాత నన్ను పిలవమన్నారు. మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆమె చెవి నాకు అందింది.

"అత్తమ్మా" అన్నాను. కడుపు వైపు చూశాను. దాని మీద బంతిపూల దండ ఉంది, పూలు కదలలేదు. మళ్లీ "అత్తమ్మా" అన్నాను. కదలలేదు. శవంగా పడుకోవడం మా వంశంలో ఇంత బాగా ఎవరికీ చేతకాలేదు. మూడోసారి ఆమె చెవికి నోరు ఆనించి, ఎవరికీ వినపడకుండా, "కడుపు ఊగింది" అన్నాను.

డప్పులు మళ్లీ మొదలయ్యాయి. నలుగురూ పాడె భుజాలకెత్తుకున్నారు. నేను వెనక నడిచాను. మోసేవాళ్ల అడుగుకొకసారి ఆమె కడుపు మీద బంతిపూలు లేస్తూ, తగ్గుతూ, ఆ దారి పొడవునా అలాగే పోయాయి.