నిప్పురవ్వ లేవని రంపం

"మీ చిన్నాయన పోయినాడు పాపా. మిషను స్విచ్చి ఆపినాడు, గోడకానుకోని కూచున్యాడు, అంతే."

నాయన ఫోనులో చెప్పింది ఇంతే. బెంగళూరులో నేను పనిచేసే బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఆ మాట విన్నాను. మనిషి పోయాడన్న సంగతి కంటే ముందు, మిషను ఆపి పోయాడన్న సంగతే నా గుండెలో దిగింది. ఆఖరి ఘడియలో కూడా ఆయన ఆ జాగ్రత్త మరవలేదు. ఎందుకు మరవలేదో మా రెండిళ్ళవాళ్ళకే తెలుసు. మీకు కూడా చెప్పాలనిపించి రాస్తున్నాను.

నల్లమాడకు కొంచెం ఎడంగా ఉన్న పల్లె మాది. నాయన, చిన్నాయన అన్నదమ్ములు. ఇళ్ళు రెండు, వాకిలి ఒకటి. వాకిట్లో ఒక పక్కన పశువుల కొట్టం, దాన్నానుకుని శనక్కట్టె వామి. వేరుశనగ కాయలు వలుచుకున్నాక మిగిలే ఎండుతీగనే మేం కట్టె అంటాం. ఎండాకాలమంతా ఎద్దులకూ ఆవుకూ అదే ఆధారం. వామి అయిపోయేలోగా వాన పడాలి. పడకపోతే ఏమవుతుందో మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు.

చిన్నాయనకు సేద్యం కలిసిరాలేదు. కలిసొచ్చినవాళ్ళెవరని మాత్రం అడక్కండి. వరసగా వానలు ముఖం చాటేసిన ఆ ఏండ్లలో మా ఊరి బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. ఎండిన బోర్లలోంచి పైకి లాగిన ఇనప పైపులు ప్రతి ఇంటి ముందూ కుప్పలుగా పడి ఉండేవి. కుర్రతనంలో ధర్మవరంలో వెల్డింగు నేర్చుకున్న చిన్నాయన ఆ పైపులనే ఇంటి దగ్గర కోసి, అతికించి, మంచాలూ తలుపులూ కొట్టాలకు గుంజలూ చేసిచ్చేవాడు.

"నీళ్ళు ఇయ్యకపోయినా కూడన్నా పెడ్తాండాయి పాపా ఈ పైపులు" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ వినడానికి బాగుండేది కాదు.

మొదట్లో ఆయన దగ్గర గ్రైండరు ఉండేది. గిర్రున తిరిగే బిళ్ళ ఇనుముకు తగిలితే రవ్వలు దీపావళి మాదిరి చిమ్ముతాయి. అవి వామి వైపు పోకుండా తడిపిన గోనెపట్ట అడ్డం కట్టుకోవడం ఆయన అలవాటు. ఒకరోజు నీళ్ళ ట్యాంకరు రాలేదు. ఇంట్లో ఉన్న కాసిని నీళ్ళు తాగడానికే. చిన్న కోతే కదా అని పొడి గోనెపట్ట కట్టి కోశాడు. పని ముగించి, చేసిన గుంజలు ఇచ్చిరావడానికి పక్కపల్లెకు కూడా వెళ్ళాడు. రవ్వ వామిలో ఎక్కడ దూరిందో, ఎంతసేపు లోపల్లోపల రాజుకుందో ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం గాలి లేచేసరికి వామి భగ్గుమంది.

నేను సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను. ఊరంతా పరిగెత్తుకొచ్చింది. ఆర్పడానికి నీళ్ళు మాత్రం లేవు. చేటలతో మన్ను ఎత్తి పోశాం. కొందరు కట్టె పీకి దూరంగా విసిరారు. తిరిగొచ్చిన చిన్నాయన ఒట్టి చేతులతో మంటలోకి దూరి పీకుతుంటే ఇద్దరు మగవాళ్ళు పట్టి లాగాల్సి వచ్చింది. పొద్దు గూకేసరికి వామి ఉన్నచోట నల్లటి కుప్ప మిగిలింది. ఆవూ ఎద్దులూ మా వైపే చూస్తూ నిలబడ్డాయి. ఆ చూపు తలుచుకుంటే నాకిప్పటికీ అన్నం సహించదు.

తెల్లారకముందే నాయన బయల్దేరాడు. మేత కోసం చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాడు. కరువులో కట్టె అమ్మేవాడెవడు? దొరికిన కాస్తా ఆవుకే చాలలేదు. చివరికి ఎద్దుల్ని తోలుకుని సంతకు పోయాడు. ఆ సంతలో ఎద్దుల్ని కొనేవాళ్ళు సేద్యానికి కొనరని నాయనకు తెలుసు, మాకూ తెలుసు. పలుపులు చేతబట్టుకుని ఒక్కడే తిరిగొచ్చాడు. వాటిని కొయ్యకు తగిలించి, వాకిట్లో తల వంచుకుని నిలబడ్డ తమ్ముడితో ఒక్క మాట అన్నాడు.

"ఈ వాకిట్లో ఇంగొక నిప్పురవ్వ లేసిందంటే నడిమిట్ల గోడ లేపుతా."

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య మాటల్లేవు. పొద్దున లేస్తే ఒకరి ముఖం ఒకరు చూసుకోక తప్పని వాకిట్లో, మాటల్లేకుండా బతకడం ఎంత నరకమో నేను చూశాను.

చిన్నాయన గ్రైండరు అటకెక్కించి చేతిరంపం పట్టాడు. వెల్డింగుకూ రవ్వలు లేస్తాయని, కోసిన ముక్కల్ని మోసుకుపోయి ధర్మవరంలో తాను పని నేర్చుకున్న చోట అతికించుకొచ్చేవాడు. ఒక్కో పైపు కోయడానికి పూట పట్టేది. బ్లేడు పుటుక్కుమని విరిగేది, మళ్ళీ కొత్తది తొడిగేవాడు. కొన్నాళ్ళకు కుడి రెక్క పైకి లేవడం మానేసింది. చొక్కా తొడగాలంటే చిన్నమ్మ సాయం కావాల్సి వచ్చేది. పైపు తెగకపోతే పొయ్యి వెలగదు. గ్రైండరు పడితే అన్న దక్కడు. మనిషి ఆ రెంటి నడుమ నలిగి సగమైపోయాడు.

పండక్కి ఊరొచ్చినప్పుడు నేనే ఒక సంగతి చెప్పాను. మా ఫ్యాక్టరీలో కొత్త షెడ్డు వేస్తూ ఒకతను చేత్తో పట్టుకునే బ్యాండ్ రంపంతో పైపులు కోశాడు. సన్నటి పళ్ళ పట్టీ రెండు చక్రాల మీద తిరుగుతూ కోస్తుంది. కింద ఇనప పొట్టు రాలింది గానీ రవ్వలు లేవలేదు. చిన్నాయన అంతా విని, "నువ్వు సరిగ్గా సూసినావా పాపా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు.

ఎండిపోయిన తన బోరు మోటారు అమ్మి, ఆ దుడ్లతో బెంగళూరు వచ్చాడు. మోటారు అమ్మాడంటే ఇక నీళ్ళ మీద ఆశ వదులుకున్నట్టే. చేతిలో గుడ్డసంచి. అందులో ఒక పైపు ముక్క, ఒక గుప్పెడు కట్టె.

"కట్టె దేనికి చిన్నాయనా?"

"వామి అడుగున కాలకుండా మిగిలినది ఇంతే పాపా. దీని మింద కోసి సూపించమంటా. ఇది అంటుకోకుంటే కొంటా."

సామాన్ల అంగళ్ళ వీధిలో దుకాణం దుకాణం తిరిగాం. ప్రతిచోటా సంచిలోంచి కట్టె తీసి నేల మీద పెట్టేవాడు. ఒక అంగడాయన, పాపం మంచివాడే, పడీపడీ నవ్వాడు.

"ఏమప్పా, ఎద్దును గూడ తోలుకొస్తివా?"

"ఎద్దు లేదు సామీ" అన్నాడు చిన్నాయన. "అందుకే వచ్చినా."

అంగడాయన నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత మాకు ఓపిగ్గా అన్నీ చూపించాడు. ఒకటి పెద్ద నోరున్నది, ఎంత లావు పైపైనా పడుతుంది గానీ చిన్నాయన రెక్కకు లేవలేదు. ఇంకొకటి వాడేసిన విదేశీ సరుకు, చవక. రవ్వా లేదు, బరువూ లేదు. దాన్ని ఒడిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"పట్టీ తెగిపోతే ఇట్లాంటి పట్టీ ఈడ దొరుకుతాదా?"

"దొరకదు. దానిది కొలత వేరే."

"అట్లయితే ఒద్దు సామీ. నాల్గు దినాలు కోసి మూల బెట్టేకి కాదు."

చివరికి నోరు చిన్నదైన తేలికపాటి కొత్త మిషను తీయించాడు. బోరులో దించే పైపు అందులో ఇమిడితే చాలన్నాడు. "మా ఊళ్ళో దీపం గూడ సగమే ఎలుగుతాది. ఆ కరెంటుకు తిరుగుతాదా?" అని అడిగి, దాన్ని నెమ్మదిగా తిప్పించి కూడా చూశాడు. మిషను సణుక్కుంటూ పైపులోకి దిగింది. తళతళలాడే పొట్టు కట్టె మీద రాలింది. పైపు తెగిపడింది. కట్టె కట్టె మాదిరిగానే ఉంది. చిన్నాయన తెగిన అంచు దగ్గరికి నా వేలు తీసుకుపోయి ఆనించాడు.

"వెచ్చగా గూడ లేదు పాపా, సూడు" అన్నాడు. నలుగురి మధ్యలో, ఆ అంగట్లో, ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే నాకూ ఏడుపు ఆగలేదు.

ఊళ్ళో మొదటి కోత రోజు నేనూ ఉన్నాను. కొట్టం ముందు మిషను పెట్టి, కింద ఆ కట్టె పరిచి, అన్న గడప వైపు ఒకసారి చూసి స్విచ్చి వేశాడు. నాయన గడపలో నిలబడ్డాడు. ఒంటి రెక్కతో మిషను పట్టుకుంటే పైపు అవతలి కొస అదురుతోంది. పట్టీ తెగిపోతుందేమోనని నాకు భయం. నాయన మెల్లగా నడిచొచ్చాడు. కట్టె వంక చూశాడు. తర్వాత చతికిలబడి పైపు అవతలి కొసను రెండు చేతులతో అదిమి పట్టాడు.

తెగాక చిన్నాయన, "ఇడువన్నా" అన్నాడు. నాయన వదిలాడు.

ఆ నాటి నుంచి ఏ పైపు కోసినా అవతలి కొస నాయనదే. "పట్టన్నా", "ఇడువన్నా". చాలాకాలం వాళ్ళ మధ్య నడిచిన మాటలు ఇవే. నాయన క్షమించాడా అంటే నాకు తెలియదు. నోటితో చెప్పగా మాత్రం వినలేదు. చిన్నాయన ఆ గుప్పెడు కట్టెను మిషను పెట్టెలోనే దాచుకున్నాడు. రోజూ మొదటి కోతకు కింద పెట్టేవాడు. ఇనప పొట్టు పడిన కట్టె ఆవుకు పెట్టకూడదని దులిపి మళ్ళీ పెట్టెలో వేసేవాడు. నేను సరదాపడి కోస్తానంటే నేర్పించాడు. "నొక్కొద్దు పాపా. దాని బరువుకు అది దిగనీ. ఇనుముతో కొట్లాడితే మన రెక్కే పోతాది" అనేవాడు.

నాయన ఫోను విని నేను ఊరు చేరేసరికి ఆయన్ని గోడ దగ్గర్నుంచి తీసి చాప మీద పడుకోబెట్టారు. చేతిమడతల్లో ఇనప పొట్టు ఇంకా మెరుస్తూనే ఉంది. కొట్టం ముందు సగం తెగిన పైపు అలాగే ఉంది. ఆ పొద్దు నాయన ఊళ్ళో లేడట, అవతలి కొసను చిన్నాయనే రాళ్ళు పెట్టి అదిమాడట. ఆ పైపు ఎవరికోసమని చిన్నమ్మను అడిగాను.

"మీ నాయనకే. ఎద్దుల్ని కట్టేసేకి గుంజలు. ఎద్దులు యాడుండాయయ్యా అంటే, గుంజలుంటే అవే వస్తాయిలే అన్న్యాడు."

అంత్యక్రియలు అయ్యాక మర్నాడు పొద్దున నాయన మిషను పెట్టె తెరిచాడు. లోపలి కట్టె పొడిపొడి అయిపోయింది. లేచి వెళ్ళి ఈ ఏటి వామిలోంచి కొత్త గుప్పెడు పీక్కొచ్చి పైపు కింద పరిచాడు. రాళ్ళు పక్కకు తోసి, అవతలి కొస పట్టుకుని కూర్చున్నాడు.

"సగం కోత అట్ల ఇడిసిపెట్టకూడదు. కొయ్యి పాపా."

స్విచ్చి వేశాను. నొక్కలేదు. దాని బరువుకు దాన్ని దిగనిచ్చాను. కొట్టంలో ఆవు నెమరు వేస్తూనే ఉంది. పైపు తెగింది, పొట్టు కట్టె మీద రాలింది, మిషను ఆపాను. "ఇడువు" అన్న ఆ మాట ఇప్పుడు నేనే అనాలి. నోరు రాలేదు. నాయన తల వంచుకుని, తెగిపోయిన పైపును రెండు చేతులతో అదిమి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.